దసరా తర్వాత నెమ్మదించిన సర్వర్లు

ఆ పిల్లంటే నాకు అసూయ. ఇప్పుడు దాచుకుని చేసేదేమీ లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. శ్రీకాకుళం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ల పని చూస్తూ నాకు పన్నెండేళ్లు నిండాయి. ఆమె వచ్చి ఎనిమిది నెలలు. మా పైన ఉన్న ఇన్‌ఛార్జి గారు రిటైరవుతున్నారు. ఆ కుర్చీ మా ఇద్దరిలో ఒకరికి వస్తుంది. పన్నెండేళ్లుగా అది నాదేననుకుంటూ దాని పక్క స్టూలు మీద కూర్చున్నవాణ్ణి నేను.

ఆమెది సాలూరు. వాళ్ల నాన్నకి లారీలున్నాయి. గట్టి గొంతు, చురుకైన చెయ్యి. ప్రింటర్ మొరాయిస్తే లెక్చరర్లు ఇదివరకు నాకు ఫోన్ చేసేవారు. ఇప్పుడు నా ముందునుంచే నడిచి వెళ్లి ఆమె బల్ల దగ్గర నిలబడుతున్నారు. క్యాంటీన్‌లో టీ కూడా ఆమెకే ముందు వస్తోందని నాకు అనిపించేది. ఇంటికెళ్లినా అదే గోల. ఒకరోజు మా ఆవిడ గరిటె పక్కన పెట్టి, "ఆ పిల్ల ఊసెత్తకండా మీకు ముద్ద దిగదేటి?" అంది. ఒళ్లు మండిపోయింది. ఉన్నమాట అంటే ఎవరికైనా మండుతుంది కదా!

ఆ ఏడు దసరా దగ్గరికొచ్చేసరికి పాత సర్వర్ మూలగడం మొదలుపెట్టింది. పిల్లల మార్కులు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, ఏళ్ల తరబడి పోగైనవన్నీ అందులోనే ఉన్నాయి. అది ముందున్న ఆఫీసు బిల్డింగులో ఉంది. కొత్త సర్వర్‌ని వెనక బ్లాకులో పెట్టారు. పండగయ్యాక వచ్చే సోమవారం తనిఖీకి మనుషులొస్తారు, ఆలోగా సరుకంతా కొత్తదానిలోకి చేరాలి. డైరెక్టర్ గారు మా ఇద్దర్నీ పిలిచి, "ఎవరు పూర్తి చేస్తారో చూస్తాను" అన్నారు. ఆ చూడ్డం ఎందుకో మా ఇద్దరికీ తెలుసు.

పండగకి ముందు కొన్ని ఫైళ్లు పంపి చూశాను. రివ్వున వెళ్లాయి. ఆ ధీమాతో పండగయ్యాక గురువారం పొద్దున్నే అసలు కాపీ మొదలుపెట్టాను. ఇంకా పదకొండు రోజులు పడుతుందని తెర మీద చూపించింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పదకొండు రోజులే.

నేను చెయ్యని పని లేదు. యాంటీవైరస్ ఆపాను. రెండు సర్వర్లనీ ఆపి మళ్లీ ఆన్ చేశాను. నాసిరకం డిస్కు అంటగట్టావని కొత్త సర్వర్ అమ్మినవాణ్ణి ఫోన్లో కడిగేశాను. చిన్న ఫైలు పంపితే చిటికెలో పోతోంది, పెద్దది పంపితే పాకుతోంది. ఎందుకో అంతుపట్టదు. శుక్రవారం మధ్యాహ్నం ఆమె నా వెనక నిలబడి, "అన్నయ్యా, నాను ఓసారి సూడనా?" అంది.

"సూడు, సూడు. నీకన్నా తెలిసినోళ్లు ఎవరున్నార్లే!" అన్నాను.

ఎత్తిపొడుపు ఆమెకి అర్థమయ్యే ఉంటుంది. అయినా ముఖం మాడ్చుకోలేదు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెనక బ్లాకుకి బయల్దేరింది. "బండి లేటయితే మా నాన్న డ్రైవర్ని తిట్టడన్నయ్యా. ఏ సెక్ పోస్టు కాడ ఎంతసేపు ఆగిపోనాదో అడుగుతాడు" అంది. వెనక బ్లాకు నుంచి ఆఫీసు వైపు వస్తూ, దారిలో కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ డబ్బా ఉన్న ప్రతిచోటా ఆగింది. లాప్‌టాప్ తగిలించి, కొత్త సర్వర్‌కి అక్కణ్ణుంచి ఒక పెద్ద ఫైలు పంపింది. ప్రతిచోటా రివ్వున వెళ్లింది. నేను వెనకే నడుస్తూ, ఈమెకి దొరక్కూడదని ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. దొరక్కపోతే సోమవారం నా మెడకీ చుట్టుకుంటుందన్న ధ్యాస కూడా లేదు. అసూయ మనిషిని అంత వెధవని చేస్తుంది.

చివరికి ఆఫీసు బిల్డింగుకి వచ్చాం, అక్కడా అంతే. మిగిలింది అక్కడి స్విచ్ నుంచి పాత సర్వర్‌కి వెళ్లే మూరెడు కేబుల్ ఒక్కటే. ఆమె వంగి ఫోన్ లైటు వేసి చూసింది. కేబుల్ దూర్చిన పోర్టు పక్కన ఎండిపోయిన బంతిపూరేకు ఇరుక్కుని ఉంది.

"ఇక్కడ పూజ ఎవులు సేసినారు?"

నేనే. ఏటా ఆయుధపూజకి ఆ గదిలో యంత్రాలన్నీ తుడిచి, బొట్లు పెట్టి, దండలు వేసేది నేనే. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వను. ఆ రోజు దండకి అడ్డొస్తోందని స్విచ్ పై వరసలో ఉన్న ఈ కేబుల్ పీకి కింద వరసలో దూర్చాను. లైటు వెలిగింది, కొబ్బరికాయ కొట్టేశాను. ఆ కింది పోర్టుని ఏనాడో పాత హాజరు మిషన్ కోసం నేనే తక్కువ వేగానికి బిగించి ఉంచానన్న సంగతి ఒక్కసారిగా గుర్తొచ్చింది. అలా బిగించిన పోర్టు ఒక పద్ధతిలో మాట్లాడుతుంది, సర్వర్ ఇంకో పద్ధతి అనుకుంటుంది. చిన్న మాటలు ఎలాగో దాటిపోతాయి. పెద్ద ఫైలైతే రెండువైపులా ఢీకొని మళ్లీ మళ్లీ పంపుకుంటూ ఉంటాయి. ఇవన్నీ నాకు తెలిసినవే. రాసిపెట్టుకునే అలవాటే లేదు.

ఆమె స్విచ్ సెట్టింగుల పేజీ తెరిచింది. ఆ పోర్టు వేగం మార్చింది ఎవరన్న చోట నా లాగిన్ పేరు ఉంది. చదివింది. నేను చదవడమూ చూసింది. పేజీ మూసేసి, కేబుల్ పీకి పై వరసలో దూర్చి, కాపీ మళ్లీ మొదలుపెట్టింది. తెర మీద ఆరు గంటలని వచ్చింది.

సరిగ్గా అప్పుడే డైరెక్టర్ గారు లోపలికొచ్చారు. తెర చూసి, "ఎవరు పట్టుకున్నారు?" అన్నారు.

"అన్నయ్యే సార్. కేబుల్ లూజయిపోనాది" అంది ఆమె, తడుముకోకుండా.

ఆయన నా భుజం తట్టారు. "అనుభవం ఊరికే పోదయ్యా! సోమవారం ఇన్‌ఛార్జి ఆర్డర్ నీ పేరు మీదే" అన్నారు.

పన్నెండేళ్లు ఎదురుచూసిన మాట అది. అది చెవిన పడగానే నాకు సంతోషం రాలేదు, నిలువునా మంట పుట్టింది. ఓడిపోతే ఎలాగో ఓర్చుకునేవాణ్ణి. గెలిచి కూడా ఆమె ఆ గెలుపు నాకే వదిలేసి పోతుందా? రేపణ్ణుంచి ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ ఇది ఆమె పారేసిన ఎంగిలి అనుకోవాలా? ఛీ! "లూజు కాదు సార్, తప్పు నాది. కేబుల్ వేరే పోర్టులో దూర్చింది నేను, పట్టుకుంది ఆవిడ. ఆర్డర్ ఆవిడకే ఇవ్వండి" అనేశాను. నిజం చెప్పానే గానీ, మొహాన విసిరికొట్టినట్టు చెప్పాను.

తనిఖీ బాగా జరిగింది. ఆర్డర్ ఆమె పేరునే వచ్చింది. స్టాఫ్ రూములో అందరూ నన్ను మెచ్చుకున్నారు, ఎంత పెద్ద మనసో అన్నారు. మా ఆవిడ కూడా ఆ రోజు రెండు కూరలు చేసింది. నేను కాదనలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆమె తలుపు దగ్గరగా వేసి నా ఎదురుగా కూర్చుంది. "అన్నయ్యా, అందరూ ఏటేటో అంటన్నారు. మీరు నా మంచి కోరి సెప్పినారా, నా మీద కోపంతో సెప్పినారా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "కోపంతోనే" అన్నాను.

తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "నాను మీకేటి సేసినాను?" అంది.

ఎనిమిది నెలలూ ఒక్కొక్క రోజే వెనక్కి వెళ్లి వెతికాను. ఆమె ఎదురుగా కూర్చునే ఉంది. చెప్పడానికి నా దగ్గర ఒక్కటి కూడా లేదు.