ఉమ్మని గుక్క

వైన్ ఫ్యాక్టరీలో రుచి చూసే పెద్దాయనది ఇరవై ఆరేళ్ల అలవాటు. గ్లాసు వంచి రంగు చూస్తాడు, అందులో ముక్కు దూర్చి గట్టిగా పీలుస్తాడు, ఒక్క గుక్క నోట్లో తిప్పి పక్కనున్న బకెట్లో ఉమ్మేస్తాడు. "ఉమ్మితే ఉద్యోగం, మింగితే తాగుడు" అంటాడు. పోయిన నెల పట్టిన పడిశం పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. పక్కనే పాలు మాడుతున్నా ఆయన తాపీగా పేపరు చదువుకుంటున్న రోజున ఆ సంగతి భార్యకు తెలిసింది. ఇంకెవరికీ తెలియదు.

ఈ పొద్దున షిరాజ్ అనే నల్లద్రాక్షతో చేసిన కొత్త వైన్ పీపా తెరిచారు. ముదురు నేరేడు రంగు. నోట్లో పడగానే పచ్చి వెలక్కాయ కొరికినట్టు చిగుళ్లు పట్టేసింది. చిగుళ్లు చెప్పగలిగింది అంతే. "మిరియాల ఘాటు వాసన తెలుస్తోందా అన్నయ్యా?" అంది పీపాలు చూసుకునే ఆవిడ, పుస్తకం తెరిచి. గొంతులోనైనా తెలుస్తుందేమోనని ఆయన గుక్క మింగేశాడు.

"ఒగరు దిగలేదమ్మా. ఇంకో ఏడాది ఉండనీ."

ఆవిడ రాసుకుంది. కడగడానికి బకెట్ ఎత్తి చూస్తే పొడిగా ఉంది. ఆయన వంక చూసింది. తర్వాత దాన్ని కుళాయి కింద పెట్టి, రోజూలాగే రుద్ది రుద్ది కడిగింది.