రెండు వార్డులకు ఒక్క నర్సు

సూరత్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సుల ఇన్‌ఛార్జిని. ఆ ఆదివారం డ్యూటీ చార్టులో రెండు వార్డులకూ కలిపి స్వప్న ఒక్కదాన్నే వేశాను. మధ్యాహ్నం ఓ పెద్దావిడకు సెలైన్ అయిపోయి, గొట్టంలోకి రక్తం ఎక్కింది. పక్క వార్డు నుంచి స్వప్న పరుగెత్తుకొచ్చేసరికి, ఆవిడ కొడుకు, తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు, సెలైన్ స్టాండు ఎత్తి ఆమెను కొట్టాడు. నుదురు చిట్లి స్వప్న కిందపడింది. అతను మళ్లీ స్టాండు ఎత్తాడు.

"రెండు వార్డులూ ఒక్కతే చూస్తోందయ్యా" అంటూ అడ్డం పడ్డాను.

అతని చెయ్యి ఆగింది. "మాకు గూడ గంతే. పన్నెండు సాంచాలు ఒక్కన్నే జూడాలె. ఒకదాని కాడుంటే ఇంకోదాని పోగు తెగుతది. గిట్ల డ్యూటీ ఏసినోళ్లెవరు?"

నేను మేనేజరు గది వైపు చూపించాను.

రక్తం కారుతున్న నుదురు పట్టుకుని, స్వప్న నన్నే చూస్తోంది.