ఆరు గంటలక్క హాజరు

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను సిగ్నలు కోసం ఆఫీసు మేడెక్కి గోదావరి వైపు తిరిగి నిలబడే రోజుల్లో, నాకు రూల్సంటే విపరీతమైన గౌరవం. ఇరవై మూడేళ్లకే జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చిన ఆడపిల్లకి ఆ మాత్రం గౌరవం ఉండక ఏముంటుంది? మాది ఎర్రుపాలెం దగ్గర పల్లె. ఆర్డరు చేతికొచ్చిన ఆదివారం చర్చిలో పాస్టరుగారు నన్ను ముందుకి పిలిచి ప్రార్థన చేశారు. మా అమ్మ కొంగు తడిసిపోయేలా ఏడ్చింది. ప్రభుత్వమంటే న్యాయమని, న్యాయమంటే రూలని, రూల్స్ పుస్తకం చదివినవాళ్లు ఎవరికీ అన్యాయం చేయలేరని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. (నవ్వకండి. మీరూ ఏదో ఒక వయసులో ఇలాంటిదేదో నమ్మే ఉంటారు.)

పోస్టింగు భద్రాచలం వైపు, అడవి అంచున ఒక మండల పరిషత్ ఆఫీసులో ఇచ్చారు. ఏ మండలమో చెప్పను. అక్కడ పనిచేసినవాళ్లు రిటైరై హాయిగా ఉన్నారు, ఉండనిద్దాం. బూర్గంపాడులో గది కిరాయికి తీసుకుని రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. నాది ఎస్టాబ్లిష్‌మెంటు సీటు. ఎవరు చేరారు, ఎవరు బదిలీ అయ్యారు, ఎవరికెన్ని సెలవులు మిగిలాయి, ఇలా ఆఫీసులో మనుషుల సంగతులన్నీ చూసే సీటన్నమాట. నెల మారినప్పుడల్లా హాజరు రిజిస్టరులో గీతలు గీసి పేర్లు రాయడం కూడా నా పనే. నా పైన సూపరింటెండెంటు. బెల్టుకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుండేది కాబట్టి ఆయన్ని అందరూ తాళాల సారు అనేవాళ్లు. సరిగ్గా పదిన్నరకి బీరువా తెరిచి రిజిస్టరు తీసేవారు, పదీ నలభైకి లోపల పెట్టి తాళం వేసేవారు. ఆ పది నిమిషాల్లో సంతకం పెట్టినవాళ్లే ఆ రోజుకి భూమ్మీద ఉన్నట్టు.

ఆరు గంటలక్క గురించి మాత్రం నాకు చేరిన మూడు నెలల దాకా తెలియదు. ఒకరోజు మొదటి బస్సుకే వచ్చేస్తే, ఆఫీసు తలుపులు బార్లా తీసి ఉన్నాయి, లోపల నడివయసు కోయ మనిషి ఒకావిడ బల్లలు తుడుస్తోంది. నన్ను చూసి, "ఏంది బిడ్డా, గింత జల్దీ వస్తివి? ఇంట్ల ఏమన్న లొల్లా?" అంది. అడవిలో గూడెం నుంచి నడుచుకుంటూ ఆరింటికల్లా వస్తుందట. ఆఫీసు తాళంచెవి ఆమె కొంగుకే ఉంటుంది. ఊడ్చి, తుడిచి, బోరింగు కొట్టి కుండలు నింపి, తొమ్మిదింటికి కూలిపనికి పోతుంది. పదకొండేళ్లుగా ఇదే పని, అందుకే నాకు ఆమె ఆరు గంటలక్క. పార్ట్‌టైం స్వీపరు.

అదే నెలలో జిల్లా ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పదేళ్లు నిండిన పార్ట్‌టైం వాళ్ల వివరాలు పంపితే ఫుల్‌టైం అటెండర్లుగా తీసుకుంటారట. సర్వీసు రుజువు చూపించలేనివాళ్లని మాన్పించి ఆ పని కాంట్రాక్టుకి ఇవ్వాలట. చదివి ఎగిరి గంతేశాను. ఇదిగో, న్యాయమంటే ఇదీ! రుజువు కింద హాజరు రిజిస్టరు నకలు జతపరచాలని ఉంటే, కాగితం పట్టుకుని తాళాల సారు దగ్గరికి పరిగెత్తాను.

"ఏ రిజిస్టర్ల ఉన్నదమ్మా ఆమె పేరు? చూపియ్యి," అన్నారాయన.

"పేరు లేదండి. కానీ పదకొండేళ్ల నుంచీ వస్తోంది కదండి."

"వస్తున్నట్టు ఎవలు జూసిండ్రు? ఆమె వచ్చినప్పుడు రిజిస్టరు బీరువల ఉంటది. రిజిస్టరు బయటికి తీసేసరికి ఆమె ఉండదు. గిట్లయితే హాజరు ఎట్ల పడతది?"

"మనం వచ్చేసరికి ఆఫీసు శుభ్రంగా ఉంటుంది కదండీ!"

"శుభ్రం సంతకం పెట్టదమ్మా," అన్నారు శాంతంగా.

నేనూరుకుంటానా? రెండ్రోజులు బీరువాలన్నీ వెతికి, దుమ్ముతో తుమ్ములు తుమ్మి, చివరికి ఆమె పేరు పట్టుకున్నాను. చీపుర్లు, ఫినాయిలు, కుండల కాగితాల మధ్య, నెలనెలా ఆమెకిచ్చిన డబ్బు రసీదుల్లో ఉంది. విజయగర్వంతో తెచ్చి ముందు పెడితే ఆయన అట్ట తిరగేసి చూసి, "ఇది సామాన్ల ఫైలు. మనుషుల ఫైలు గాదు," అని వెనక్కి తోసేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. పదకొండేళ్లు మీ కుర్చీలు తుడిచిన మనిషి చీపురు పక్కన సామానైందా? పదీ ముప్పై తొమ్మిదికి రొప్పుకుంటూ వచ్చి సంతకం గీకి, పదకొండింటికి టీ కొట్టుకి పోయేవాళ్లకి సర్వీసు ఉంటుందా? పొద్దు పొడవకముందే అడవి దారిన నడిచొచ్చే మనిషికి ఉండదా? (ఇదంతా ఆయన మొహం మీద అన్నాననుకోకండి. "సరేనండి" అని వచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాను.)

ఒకటో తారీఖు దగ్గరపడింది. తాళాల సారు అశ్వారావుపేటలో పెళ్లికి పోతూ, కొత్త నెలకి గీతలు గీయమని రిజిస్టరు నా బల్ల మీద పెట్టి వెళ్లారు. నా బుర్రలో దీపం వెలిగింది. అందరి పేర్ల కిందా, పదిహేనో వరుసలో, ఆమె పేరు గుండ్రంగా రాసేశాను. ఒకసారి పేరంటూ ఎక్కితే ఎవరు తీస్తారని నా ధీమా. మర్నాడే ఒకటో తారీఖు, మొదటి బస్సుకే వెళ్లి అక్కకి చూపించాను.

"అక్కా, ఇది నీ గడి. వచ్చినట్టు గుర్తుగా వేలిముద్ర వేయాలి."

"రానోళ్లకో?"

"రానివాళ్ల గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే వాళ్ల రోజు పోయినట్టే. నష్టం."

"అవ్, సమజైంది," అంది. ఇంకు ప్యాడు ఆమె చేతిలో పెట్టి, నన్నెవరూ చూడకూడదని బస్టాండు హోటల్‌కి పోయి కూర్చున్నాను. ప్రభుత్వ యంత్రాంగాన్ని ఒంటిచేత్తో సరిదిద్దినదాన్ని కదా, ఇంకో ప్లేటు ఇడ్లీ కూడా చెప్పాను.

పదిన్నరకి తాళాల సారు రిజిస్టరు తెరిచారు. గుత్తి చప్పుడు ఆగిపోయింది. మేమంతా తొంగి చూశాం. ఒకటో తారీఖు కింద పై నుంచి కింది దాకా పదిహేను గడుల్లోనూ నీలంగా, నిండుగా, పదిహేను వేలిముద్రలు. మొదటి గడి తాళాల సారుది. టైపిస్టు నోట్లో కర్చీఫు కుక్కుకున్నాడు. సీనియర్ అసిస్టెంటు మాత్రం గంభీరంగా, "సార్, అందరికన్న మీదే మంచిగ పడ్డది," అన్నాడు.

అక్కని కూలిపని దగ్గర్నుంచి పిలిపించారు. ఆమె ఏ మాత్రం జంకలేదు. "మా గూడెంల ఇల్లు కప్పేటప్పుడు ఇంటికొకరు రావాలె సారూ. ఏ ఇంటోళ్లన్న రాలేకపోతే పక్కింటోళ్లు ఆళ్ల పని గూడ జేస్తరు. గప్పుడు ఆ ఇంటోళ్లు గూడ వచ్చినట్టే, ఎవలు మాటనరు. పొద్దుగాల మీరు ఒక్కలు రాలే. గడి ఖాళీగుంటే నష్టమని బిడ్డ చెప్పె. మీ అందరి బల్లలు నేనే తుడిస్తి గద? గందుకే మీ అందరికి ఏసిన."

ఆ మాటలో తప్పేమిటో ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు. తాళాల సారుకి మాత్రం ఆ క్షణంలోనే తెలిసింది. "హాజరు రిజిస్టరు పాడు జేసినవ్. రేపటి సంది రాకు. తాళంచెవి ఇచ్చిపో," అన్నారు. అక్క నా వైపు చూసింది. కొంగు ముడి విప్పుతున్న ఆమె వేళ్లకి ఇంకా నీలం సిరా ఉంది. నేను చేసిన ఘనకార్యానికి ఆమె అన్నం పోతోంది.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. అప్పటిదాకా ఆయన ముందు గొంతు పెంచనిదాన్ని అరిచేశాను. "ఆమెనెందుకండీ పొమ్మంటారు? రాసింది నేను, ప్యాడిచ్చింది నేను! అంత కష్టంగా ఉంటే ఆ పేజీ చింపేయండి!"

"పేజీ చింపుతరా! నంబర్లుంటయ్!"

"అయితే కొట్టేయండి!"

"హాజరు కొట్టెయ్యొద్దు, రూలు!"

"అయితే రేపు తనిఖీకొచ్చినవాళ్లు మీ గడిలో వేలిముద్ర ఎవరిదంటే ఏం చెప్తారు?"

ఆయన మొహం పాలిపోయింది. ఒకరి హాజరు ఇంకొకరు వేయడం ఎంత పెద్ద నేరమో ఆయనకంటే ఎవరికి తెలుసు? పెన్ను మూత తీశారు. ముత్యాల్లాంటి దస్తూరీ ఆయనది. పేజీ అడుగున ఇలా రాశారు: "ఈ కార్యాలయంలో గత పదకొండు సంవత్సరములుగా ప్రతిదినము ఉదయం ఆరు గంటలకు విధులకు హాజరగుచున్న పార్ట్‌టైం స్వీపరు, సిబ్బంది రాకముందు, అవగాహన లేక పై ముద్రలు వేసియున్నది. ఇందు సిబ్బంది ప్రమేయము ఎంతమాత్రము లేదు." కింద సంతకం, ఆఫీసు ముద్ర. ఆఫీసు పెద్ద ఎండీఓ గారి చేత కూడా సంతకం పెట్టించారు.

ఇదంతా నేను ముందే పన్నిన పన్నాగమని చెప్పుకోవాలని ఎంతో ఆశగా ఉంది. నిజానికి అనుమతి లేకుండా పేరెక్కించినందుకు నాకిచ్చిన మెమోకి సంజాయిషీ రాసుకుందామని ఆ పేజీ ముందేసుకుని, ముక్కు చీదుకుంటూ మూడోసారి చదివినప్పుడు వెలిగింది. పదకొండు సంవత్సరములు! ప్రతిదినము! విధులకు హాజరగుచున్న! సంతకం, ముద్రతో సహా! ఉన్నపళాన నకలు తీయించి, జిల్లాకి పంపాల్సిన ప్రొఫార్మాకి జతచేసి ఆయన ముందు పెట్టాను.

అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది నేను రాసిందే గద," అన్నారు.

"అవునండి."

మళ్లీ తిట్లు తప్పవనుకున్నాను. ఆయన మొహం మాత్రం విప్పారింది. "మరి గిట్ల రుజువు తెచ్చియ్యాలె గద అమ్మా! రూలు ప్రకారం సరిపోయింది," అని సంతోషంగా సంతకం పెట్టి, అక్కని మళ్లీ పిలిపించి తాళంచెవి చేతిలో పెట్టేశారు. ఆయన దుర్మార్గుడై ఉంటే నాకింత కోపం ఉండేది కాదేమో. పదకొండేళ్లు కళ్లెదుట మనిషి కనిపించలేదు, ఒక్క కాగితం కనిపించింది!

ఏడాది తిరిగాక ఆర్డరొచ్చింది, ఫుల్‌టైం అటెండరుగా. నా సర్వీసు పుస్తకంలో మాత్రం మొట్టమొదటి రిమార్కు ఆ మెమో తాలూకు హెచ్చరిక. (ఇప్పుడు ఖమ్మంలో నేనూ సూపరింటెండెంటునే. కొత్తపిల్లలెవరైనా ఆవేశంగా కాగితాలు పట్టుకొస్తే, ఆ హెచ్చరిక పేజీ తీసి చూపించి నవ్విస్తుంటాను.) ఆర్డరు చదివి వినిపించినప్పుడు అక్క ఒక్కటే అడిగింది.

"ఇగ ఎన్ని గంటలకు రావాలె బిడ్డా?"

"పదిన్నర నుంచి అయిదు దాకా అక్కా. అటెండరుకి ఊడ్చే పని కూడా లేదు."

"మరి ఎవలు ఊడుస్తరు?"

స్వీపరు పోస్టు ఆమెతోనే రద్దయిపోయింది, అదీ రూలే. అక్క ఎప్పటిలాగే ఆరింటికి వచ్చి ఊడ్చి, తుడిచి, నీళ్లు నింపి, పదిన్నరకి హాజరు వేసి, అయిదింటి దాకా స్టూలు మీద కూర్చునేది. నాకు బదిలీ అయ్యేదాకా, రెండేళ్లు, రోజూ ఇదే. అందరి మీదా భగ్గుమన్న ఆ ఇరవై మూడేళ్ల పిల్లని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. కానీ "అక్కా, ఇక పొద్దున్నే రాకు" అనే ఒక్క మాట ఆ పిల్ల నోట ఏనాడూ రాలేదు. ఆ పిల్ల మాత్రం పదిన్నరకే వచ్చేది, రూలు ప్రకారం.