అమ్మగారి చేతి బరువు

గత నెల ఒక మంగళవారం పొద్దున, హైదరాబాద్ నుంచి నేనెక్కిన రైలు జనగామ స్టేషన్‌లో ఆగి ఉండగా, అమ్మగారు పోయారని తెలిసింది. ముందు చర్చి గ్రూపులో 'ప్రభువునందు నిద్రించిరి' అని గులాబీ బొమ్మతో మెసేజ్ వచ్చింది. ఆ వెంటనే బాలు ఫోన్ చేశాడు.

"అన్నా, అమ్మగారు పోయింది. ఇందాకనే. దవాఖానల."

ఇలాంటప్పుడు మర్యాదస్తులు అడిగే ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఎట్లా అయింది, బాధపడ్డారా, సమాధి ఎప్పుడు. నేను అవేవీ అడగలేదు.

"దగ్గర ఎవరున్నరు?" అన్నాను.

"నేనే ఉన్న. చెయ్యి పట్టుకొని కూసున్న."

కిటికీ బయట ఆఫీసులకు పోయేవాళ్లు అవతలి ప్లాట్‌ఫారం మీద హైదరాబాద్ బండి కోసం ఒకరినొకరు తోసుకుంటున్నారు. నేను ఫోన్ చెవికి పెట్టుకొని ఏడ్చాను. అందులో సగం దుఃఖం, సగం అసూయ. పాఠకులు మన్నించాలి. ఈ స్మృతి మొత్తం అదే పాళ్లలో నడుస్తుంది. అసూయే కొంచెం ఎక్కువ పడొచ్చు.

మా చర్చిల్లో పాస్టరును అయ్యగారు అని, ఆయన భార్యను అమ్మగారు అని అంటారు. మహబూబాబాద్‌లో, అంటే మా నోట మానుకోటలో, మా అమ్మగారు తన అయ్యగారు పోయాక కూడా అమ్మగారుగానే ఉండిపోయారు. కొత్త పాస్టరు వచ్చి ఏళ్లయినా ఆయన భార్యకు మొన్నటిదాకా 'చిన్నమ్మగారు' పదవే. పెద్ద పదవి ఖాళీ కాలేదు మరి. చర్చి వెనక రెండు గదుల ఇంట్లో ఉంటూ, ఒక గదిని డిగ్రీ చదివే పిల్లలకు ఇచ్చేవారు. మా నాన్న చెల్పూరు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. ఏ కిటికీ తెరిచినా పొగగొట్టమే కనబడే ఊరి నుంచి నేను ఆ గదిలోకి వచ్చి పడ్డాను.

తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయకుండా ఆమె ఎవరినీ గడప దాటనిచ్చేవారు కాదు. పరీక్షకు పోయినా సరే, సెలూనుకు పోయినా సరే. మనిషి పిట్టంత. చెయ్యి మాత్రం మన మెడను ఒక అంగుళం లోపలికి దించేది. ఉల్లిగడ్డ, కొబ్బరినూనె కలిసిన వాసన. నేను పొడుగు పెరగకపోవడానికి ఆ చెయ్యే కారణమని ఆమె ముఖం మీదే అన్నాను.

"ఎక్కువ పెరుగుతె బస్సుల తల తాకుతది తియ్" అన్నారు.

నాకు ఆమె పెట్టిన పేరు మైకు. నేను ప్రార్థన మొదలుపెడితే రైల్వే గేటు దాకా వినిపించేది. "దేవునికి చెవుడు లేదు బిడ్డా, జర మెల్లగ" అని నా మోచేయి గిల్లేవారు. కానీ శనివారాలు ఆ మైకే ఆమెకు కావలసి వచ్చేది. అయ్యగారి పాత బండి మీద ఆమెను కూర్చోబెట్టుకొని గూడూరు, కొత్తగూడ దారుల్లోని పల్లెలకు, తండాలకు తీసుకుపోయే పని నాది. అక్కడ ఆమె చేసే ఘనకార్యాలేమీ ఉండవు. మంచంలో ఉన్నవాళ్ల దగ్గర కూర్చోవడం, పింఛను కాగితాలు నింపడం, తల మీద చెయ్యి పెట్టడం. నేను మాట్లాడితే జనం నవ్వేవారు, ఆమె చెయ్యి పెడితే ఏడ్చేవారు. బండి తాళం నా వేలికే ఉండేది. ప్రధానమంత్రికి కూడా అంత గట్టి పదవి ఉందనుకోను.

నా రెండో సంవత్సరంలో బాలు వచ్చాడు. కొత్తగూడ అడవిలోని ఒక తండా వాడిది. ఇంట్లో లంబాడి భాష. ఇంటి దేవతలు వేరు, పండుగలు వేరు. చర్చికి రమ్మని అమ్మగారు వాణ్ణి ఒక్కసారీ అడగలేదు. గది అడిగాడు, ఇచ్చారు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడేవాడు, అందులో రెండు 'ఆ అన్నా'.

అలాంటివాడి తల మీద చెయ్యి పెట్టినప్పుడు ఎంతసేపు ఉంచేవారో నేను కళ్లు మూసుకొని లోలోపల లెక్కపెట్టేవాణ్ణి. నాకు ముప్పై లెక్కపెట్టేలోగా ఆమెన్ పడేది. బాలుకు డెబ్బై దాటేది. అది చాలదన్నట్టు వాళ్ల అవ్వ దగ్గర నాలుగు లంబాడి మాటలు నేర్చుకొచ్చి, వాడి ప్రార్థన వాడి భాషలో మొదలుపెట్టారు. తప్పులు దొర్లేవి కాబోలు, వాడు చెయ్యి కిందే కిసుక్కున నవ్వేవాడు. నేను ప్రార్థనలో నవ్వితే చెవి మెలిపడేది. వాడు నవ్వితే ఆమె కూడా నవ్వారు. నా కోసం ఆమె ఏ భాషా నేర్చుకోలేదు. నాకున్నది తెలుగొక్కటే అయితే తప్పు నాదా?

మూడో ఏడు వేసవికి ముందు, కాలేజీ పిల్లలను రెండు నెలలు సేవకు పంపే సంస్థ ఒకటి మా చర్చి నుంచి ఒకరి పేరు అడిగింది. దేశం థాయిలాండ్. పాస్‌పోర్టు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే, మస్కట్‌లో ఉన్న మా మామ పనికి పిలుస్తానంటే తీసుకున్నది. అది దేవుని పిలుపని నేనన్నాను. మీ మామ మస్కట్ పిలుపని ఆమె అన్నారు. అయినా నా పేరే రాశారు. బుద్ధుని దేశాన్ని నా వాక్చాతుర్యంతో ఊపడానికే ఎంపిక చేశారని రెండు రోజులు మురిసిపోయి, మూడో రోజు అడిగాను.

"నన్నెందుకు పంపుతున్నరు అమ్మగారూ?"

"నీ నోరు పనిచెయ్యని కాడికి పంపుతున్న. చేతులేం చేస్తయో చూద్దాం."

బండి తాళం బాలు చేతిలో పెట్టి విమానమెక్కాను. 'రెండు నెలలే' అని వాడికి రెండుసార్లు చెప్పాను.

అక్కడ ఉత్తరాదిన ఒక చిన్న ఊరి పిల్లల హాస్టల్‌లో నా డ్యూటీ. పొద్దున ఇంగ్లిషు, సాయంత్రం ఆటపాటలు. మానుకోట చుట్టూ పది ఊళ్లను నవ్వించిన నా జోకు ఒకటి ఇంగ్లిషులోకి పోయి, వార్డెనక్క నోట థాయ్‌లోకి పోయేసరికి, పిల్లలు నన్ను సొంతవాళ్లను పోగొట్టుకున్నవాణ్ణి చూసినట్టు చూశారు. పొద్దున్నే భిక్షువులు వరుసగా, చెప్పులు లేకుండా వీధిలో నడిచి వచ్చేవారు. మా హాస్టల్ తోటమాలి తాత గేటు దగ్గర మోకాళ్ల మీద కూర్చొని వాళ్ల పాత్రల్లో అన్నం పెట్టేవాడు. వాళ్లు నడిచిపోతుంటే వీధి వీధంతా మెత్తబడేది. గంటసేపు గొంతు చించుకున్నా ఒక్క పిల్లాణ్ణి కూర్చోబెట్టలేని నేను, కిటికీలోంచి వాళ్లను చూసి కూడా అసూయపడ్డాను. ఎవరినీ వదిలిపెట్టలేదు, ఒప్పుకుంటున్నాను.

రెండో వారం ఆ తాతకు దగ్గు పట్టుకుంది. మెట్ల మీద కూర్చొని దగ్గుతుంటే నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. దగ్గరికి పోయి, నెత్తి మీద చెయ్యి పెట్టి, అమ్మగారు నొక్కినట్టే నొక్కి, తెలుగులో గట్టిగా ప్రార్థన అందుకున్నాను. కళ్లు తెరిచేసరికి తాత బిగుసుకుపోయి ఉన్నాడు. చుట్టూ పిల్లలు నోళ్లు తెరిచి నిలబడ్డారు. వార్డెనక్క వచ్చి నా చెయ్యిని మెల్లగా ఎత్తి పక్కన పెట్టింది. వాళ్లకు తల చాలా గౌరవమైన చోటు. బయటివాళ్లు, అందులోనూ చిన్నవాళ్లు, పెద్దల తల ముట్టుకోవడం పెద్ద అమర్యాదట.

ఆ సాయంత్రం అమ్మగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ముందు తెగ నవ్వారు. తర్వాత అడిగారు.

"మరి చెయ్యి యాడ పెట్టాల్నట?"

"యాడా పెట్టొద్దట."

ఫోన్ చెవి నుంచి తీసి చూసుకున్నాను. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను.

"అయితే చేతులకు వేరే పని చూపెట్టు" అని పెట్టేశారు.

అంట్లు తోమే దగ్గర చేరాను. పొద్దున అరవై పళ్లేలు, రాత్రి అరవై. నాలుగో రోజో అయిదో రోజో తాత వచ్చి పక్కన కూర్చొని, కడిగినవి తుడవడం మొదలుపెట్టాడు. మా ఇద్దరికీ కలిపి ఒక్క భాష లేదు. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకొని ఒక మనిషి పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. వచ్చేసే రోజు తాత ఒక తెల్లదారం తీసి, నా ముందు పట్టుకొని ఆగాడు. నేను చెయ్యి చాపాకే మణికట్టుకు కట్టాడు.

మానుకోటలో దిగాక ఆ దారం చూసి చర్చి పెద్దలు గొంతు సవరించుకున్నారు. అమ్మగారు మాత్రం "ఎవరు కట్టిండ్రు?" అని అడిగి, "ఉంచుకో" అన్నారు. అంతవరకు బాగానే ఉంది. శనివారం పొద్దున నేను తయారై బండి దగ్గర నిలబడితే, బాలు తాళం తిప్పుకుంటూ వచ్చాడు. నేను చెయ్యి చాపాను.

"బాలుకే ఉండనియ్యి. వానికి తొవ్వ ఎరుకైంది" అన్నారు వెనక నుంచి.

మెళ్లోంచి దండ తీసి ఇంకొకరి మెళ్లో వేసినట్టయింది. అప్పటి నుంచి నేను శనివారాలు నిద్రపోయాను. వంటింట్లోకి పోయి ముచ్చట్లు పెట్టడం మానేశాను. బయటికి పోవాల్సి వస్తే ఆ చెయ్యికి చిక్కకుండా పక్క తలుపులోంచి జారుకునేవాణ్ణి. ఆమె పిలిస్తే 'ఆ' అనేవాణ్ణి, బాలులా. ఆమె గమనించారో లేదో తెలియదు. గమనించాలనే అలా చేశాను.

ఆమె పోవడానికి నాలుగు రోజుల ముందు నేను ఒక ఇంటర్వ్యూకి హైదరాబాద్ బయలుదేరాను. అమ్మగారు గడప దగ్గరికి వచ్చారు. ఎప్పటిలా చెయ్యి నా నెత్తి మీద దిగలేదు. గాలిలో ఆగింది.

"చెయ్యి పెట్టనా బిడ్డా?"

అన్నేళ్లలో నన్ను అలా అడగలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని టీ తాగుతావా అని అడిగినట్టు అడిగారు. ఓహో, నేను అంత పరాయివాణ్ణయ్యానా అనుకున్నాను.

"రైలుకు టైం అయితుంది అమ్మగారూ. వచ్చినంక పెట్టుండ్రి."

"సరే బిడ్డా" అని చెయ్యి వెనక్కి తీసుకొని, కొంగుకు తుడుచుకున్నారు. ఆ మరుసటి రోజే జ్వరం వచ్చిందట.

సమాధి రోజు కొత్త పాస్టరుగారు, మైకు పేరున్నవాణ్ణి కాబట్టి, నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. ఒక్కటీ రాలేదు. కూర్చున్నాను. భూస్థాపన అయ్యాక టీ తాగిన గ్లాసులు గంపలకొద్దీ వచ్చాయి. చర్చి వెనక నల్లా కింద కూర్చొని కడగడం మొదలుపెట్టాను. కాసేపటికి బాలు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు వాడే ఎక్కువ మాట్లాడాడు.

"నువ్వు ఆడికెళ్లి ఫోన్ జేసిన దినం తెలుసునా అన్నా? ఫోన్ పెట్టినంక గట్లనే కూసుంది. బువ్వ గూడ తినలే. ఇన్నేండ్ల సంది ఒక్కళ్లనన్న అడిగిన్నా, అనుకుంట కూసుంది."

"ఏం అడుగుడు?"

"చెయ్యి పెట్టనా అని. తెల్లారి నుంచి అందర్ని అడుగుడే. నన్ను గూడ అడిగింది, మా భాషల. మా తండాకు పోయినప్పుడు మా అవ్వను అడిగింది."

"అవ్వ ఏమన్నది?"

"వద్దన్నది. ఇన్నేండ్లు అడగలేదని ఊకున్నదట. అమ్మగారు చెయ్యి తీసుకొని ఫక్కున నవ్వింది. ఇద్దరు కూసొని సాయంత్రం దాక చింతపండు గింజలు తీసిండ్రు." వాడు గంపలోంచి ఒక గ్లాసు నా వైపు జరిపాడు. "మైకు నేర్పిండని ప్రతి ఊర్ల చెప్పేది అన్నా. నాకు మండేది."

నల్లా కింద గ్లాసు నిండి, పొంగి, పారుతూనే ఉంది. నన్ను చూసి కూడా మండినవాడు ఒకడున్నాడు. ఇంకో రోజైతే ఊరంతా చెప్పుకొని తిరిగేవాణ్ణి. ఆ రోజు నాకు గాలిలో ఆగిన చెయ్యి ఒక్కటే కనబడింది. నేను నేర్పినదాన్నే ఆమె నన్ను అడిగారు. నేను వద్దన్నాను.

బాలు లేచాడు. అవ్వకు చెప్పడానికి తండాకు పోవాలన్నాడు. బండి స్టార్ట్ చేసి, మళ్లీ దిగి, నా ముందుకు వచ్చి తల వంచాడు. ఆ గడప నుంచి ఎవరూ ఊరికే పోయింది లేదు కదా.

"చేతులు తడిగున్నయి రా" అన్నాను.

"ఉండనియ్యి."

"పెట్టనా?"

"ఆ అన్నా."

పెట్టాను. వాడి భాష నాకు రాదు. నా భాష ఆ రోజు రాలేదు. ఊరికే నొక్కి పట్టుకున్నాను, ఆమె పట్టినట్టే, మెడ ఒక అంగుళం దిగేలా. లెక్కపెట్టలేదు. నా మణికట్టు మీది నుంచి నీళ్లు వాడి జుట్టులోకి పోయి, చెవి వెనక నుంచి కారి, చొక్కా కాలరులోకి దిగుతున్నాయి. వాడు తుడుచుకోలేదు. గేటు దగ్గర అయ్యగారి పాత బండి ఇంకా ఆన్‌లోనే ఉండి వణుకుతూ ఉంది.