రంగు వెయ్యని గొర్రెపిల్ల

లోటార్ చేతిలో ఎన్ని జంతువులు పుట్టాయో ఆ పైవాడికే తెలియాలి. తడి చెక్క మొద్దును లేత్ మీద తిప్పుతూ, ఉలితో జంతువు ఆకారం వచ్చేలా గాడులు తీసి చక్రంలా చేస్తాడు. ఆ చక్రాన్ని నిలువునా చీలిస్తే ఒక్కో ముక్కా ఒక్కో గొర్రె. ఆ కొండ ఊళ్లలో అందరిదీ ఇదే బతుకు.

ఆ బొమ్మల పెట్టెల మీద మాత్రం ‘అలంకారానికే, చిన్నపిల్లలకు కాదు’ అని అచ్చేస్తారు. అది పట్నం వాళ్లకి రాసిన మాటని అక్కడి వాళ్ల ధీమా. పళ్లొచ్చే పసివాడికి రంగు వెయ్యని బొమ్మనివ్వడం వాళ్ల ఇళ్లల్లో తాతలనాటి అలవాటు. ప్రమాదమంతా రంగులోనే ఉంటుందని నమ్మకం.

లోటార్ కూడా కూతురి కొడుకు ఆర్నోకి అలాగే బొటనవేలంత గొర్రెపిల్లనిచ్చాడు. నున్నగా అరగదీసి, తన పెదవికి రాసి చూసుకుని మరీ ఇచ్చాడు. అది పిల్లాడి గొంతులో అడ్డుపడింది. అంబులెన్సు కొండెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. బొమ్మలతోనే తలనెరిసిన మనిషికి పసిగొంతు ఎంత ఇరుకో తట్టలేదు చూడండి, ఇక ఎవర్ని తిట్టుకోవాలి!

కూతురు గుడ్రున్ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. తిట్టే మనిషి ఎప్పటికైనా అలిసిపోయి ఆగుతుంది.

తర్వాత ఆమెకి కూతురు ఫ్రీడా పుట్టింది. ఏ బొమ్మ కొన్నా గుడ్రున్ లాగి, నొక్కి, కుట్లు పీకి చూస్తే గానీ పిల్లకివ్వదు. పుట్టింటికొస్తే పిల్లను ఒళ్లోంచి దించదు. చేతులు పూర్తిగా వణకకముందే తను చేసిన బొమ్మ ఒక్కటి ఆ పిల్ల చేతిలో చూడాలని లోటార్‌కి ఒకటే ఆశ.

పెద్ద ఆవును చెక్కాడు. కొమ్ములు గుచ్చుకుంటాయని కోసేశాడు. చెవులు ఊడొస్తాయని చెక్కేశాడు. తోకా పోయింది. కాళ్లు నాలుగూ కలిపి ఒకే దిమ్మ చేశాడు.

పక్కింటి యోఖెన్ చూసి నవ్వాడు. “ఏంటి లోటారూ, ఇది ఆవా, రొట్టెముద్దా?”

“ఏదైనా సరేలేరా. గొంతులోకి పోకపోతే చాలు.”

క్రిస్మస్ నెల మొదటి ఆదివారం ఆవును చంకన పెట్టుకుని కూతురింటికి వెళ్లాడు. ఆ రోజుల్లో అక్కడ ప్రతి కిటికీలోనూ ఇంట్లో ఎందరు ఆడపిల్లలుంటే అందరు చెక్క దేవదూతలు, ఎందరు మగపిల్లలుంటే అందరు చెక్క గనికూలీలు దీపాలు పట్టుకుని నిలబడతారు. గుడ్రున్ కిటికీలో దేవదూత ఉంది. పక్కనే గనికూలీ కూడా వెలుగుతున్నాడు. కొడుకుని లెక్కలోంచి తీసెయ్యలేదు తల్లి. లోటార్ కాసేపు మంచులోనే నిలబడి, ముక్కు తుడుచుకుని తలుపు తట్టాడు.

గుడ్రున్ ఆవును అటూ ఇటూ తిప్పింది. లాగింది, గోటితో గీకింది, నేలకేసి కొట్టింది. పెచ్చు కూడా రాలేదు. ఫ్రీడా చేతులు చాచి ఎగురుతోంది. గుడ్రున్ ఆవును తీసుకెళ్లి బీరువా మీద పెట్టేసింది.

“తప్పేమైనా ఉందా అమ్మా?” అన్నాడు లోటార్. “చెప్పు, సరిచేసి తెస్తాను.”

“ఏ తప్పూ లేదు నాన్నా. బయటివాళ్లెవరైనా చేసుంటే ఈపాటికి ఇచ్చేసేదాన్ని.” గొంతులో కోపం లేదు. “నువ్వు చేశావు. నావల్ల కాదు.”

కాఫీ పోసింది, కేకు కోసిపెట్టింది. ఆయన కాదనకుండా తిన్నాడు. ఫ్రీడా ఏం తోచక తాత దగ్గరికొచ్చి, వేళ్లు పట్టుకుని ఆడబోయింది. లోటార్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.