ఏకాదశి ఉపవాసమున్న తాబేలు

పెళ్లయిన మూడో ఏడు, డెబ్బైల చివర్లో, మా ఆయన చిప్పగిరి నుంచి ఒక తాబేలును తెచ్చారు. అక్కడి బడిలో ఆయన పంతులు. చేనిగట్టు మీద దొరికిందని ఒక పిల్లవాడి తండ్రి ఇచ్చాడట. శనివారం సాయంత్రం ఆదోనిలో బస్సు దిగి ఇంటికి వచ్చి, గుడ్డసంచిలోంచి తీసి అరుగు మీద పెట్టారు. అరచేతిలో పట్టేంత ఉంది. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు ముగ్గు వేసినట్టున్నాయి. ఎమ్మిగనూరులో మా పుట్టింట్లో పిల్లుల మధ్య పెరిగినదాన్ని నేను. ఈ ఇంట్లో ముద్దు చేయడానికి ఒక ప్రాణి దొరికిందని సంబరపడ్డాను.

నా సంబరం అరగంట కూడా నిలవలేదు. అత్తగారు వచ్చి చూసి చేతులు జోడించారు. మాది తరతరాలుగా గుడి పూజ చేసే ఇల్లు. కూర్మమూర్తి తనంతట తానే మనింటికి నడిచి వచ్చినాడని ఆవిడ తేల్చేశారు. నడిచి రాలేదు, బస్సులో వచ్చిందని నేను అనలేదు. అనే ధైర్యం అప్పటికి నాకు లేదు.

ఆ రోజు నుంచి తాబేలుకు రాజభోగం మొదలైంది. మడి కట్టుకుని వండిన అన్నంలో నెయ్యి వేసి, పైన తులసిదళం పెట్టి, వెండి గిన్నెలో అందరికంటే ముందు దానికే పెట్టేవారు. శుక్రవారం పాయసం. ఏకాదశి నాడు మాత్రం ఏమీ లేదు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టరు కాబట్టి, అదీ ముట్టకూడదు. పెరట్లో ఏ గడ్డిపోచో కొరికి వ్రతం చెడగొట్టుకుంటుందని పొద్దున్నే గంప కింద మూసిపెట్టేవారు.

మొదట్లో అన్నం కాస్త కొరికింది. తర్వాత పైనున్న తులసాకులు మాత్రం ఏరుకుని తిని, గిన్నె వదిలేసి పోయేది. ఎంత భక్తో చూడండని అత్తగారు వీధిలో అందరికీ చెప్పుకున్నారు. నేనూ నమ్మాను, ఒట్టు. ఆకులు తినే ప్రాణి ఆకు తింటోందని ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టలేదు. అందరం చదువుకున్నవాళ్లమే.

రెండు నెలలు తిరిగేసరికి తులసి కూడా మానేసింది. కళ్లు వాచాయి. కాళ్లు లోపలికి ముడుచుకుని పెరటి మూలన పడి ఉండేది. అత్తగారు హడలిపోయారు. దేవుడు తన చేతుల్లో పోతే ఆ పాపం ఎన్ని జన్మలెత్తినా పోదని, అది తినేదాకా తానూ తిననని పట్టుబట్టారు. తీర్థం తప్ప మరేదీ ముట్టలేదు. రెండో రోజుకు గోడ పట్టుకుని నడుస్తున్నారు. మామగారు బతిమాలారు, మా ఆయన కోప్పడ్డారు, ఆవిడ వినలేదు. మూడేళ్లుగా ఆవిడ మీద లోలోపల విసుక్కుంటూ వచ్చిన నాకు, ఆవిడంటే ఇంత ప్రేమ ఉందని ఆ రోజే తెలిసింది.

మూడో రోజు పొద్దున గడ్డి ఆమె వచ్చింది. మా ఆవుకు రోజూ ఒక మోపు తెచ్చి పెరటి గుమ్మం అవతల దించేది. అత్తగారు ఆ మోపు మీద నీళ్లు చల్లాకే లోపలికి తెప్పించేవారు. ఆ రోజు ఆవిడకు లేచే ఓపిక లేదు, నీళ్లు చల్లడం నాకు గుర్తు రాలేదు. నేను మోపు లాక్కొచ్చి విప్పుతుంటే, మూలనున్న తాబేలు మెడ బయటికి చాచింది. గడ్డి ఆమె గుమ్మంలోంచి అది చూసి, వెండి గిన్నెలో ఎండిన అన్నం కూడా చూసి, నవ్వేసింది.

"దీనికి అన్నం పెడతాండారా? ఇది గడ్డి తినేదమ్మా. మా చేన్ల కాడ యాడ చూసినా ఇవే. పాపాసుకల్లి పండ్లంటే పానమిడుస్తాయి."

పాపాసుకల్లి అంటే బీళ్లలో పెరిగే ముళ్ల నాగజెముడు. అత్తగారు తులసికోటకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆమెను చూశారు, తాబేలును చూశారు.

"ఆ పండ్లు తెచ్చి నీ చేత్తోనే పెట్టు. లోపలికి రా" అన్నారు.

అన్నేళ్లలో గడ్డి ఆమె ఆ గుమ్మం దాటింది లేదు. గంటలో తిరిగొచ్చి, దాటింది. పండ్లను బండ మీద రుద్ది ముళ్లు పోగొట్టి, చీల్చి తాబేలు ముందు పెట్టింది. అది చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా ఒక ముక్క కొరికింది. మూతంతా ఎర్రగా అయింది. అత్తగారు రక్తమనుకుని నోరు నొక్కుకున్నారు. అది రెండోసారి కొరికేసరికి పండు రసమేనని అర్థమై, ఉన్నచోటే ఒళ్లు ఊగిపోయేలా నవ్వారు. ఆవిడ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ నవ్వాగలేదు. మజ్జిగ తెమ్మని, సగం తాను తాగి, గడ్డి ఆమెకు నిండా పోయించారు.

అప్పటినుంచి తాబేలు తిండి విషయంలో గడ్డి ఆమె మాటే శాసనం. గరిక, గంగవాయిలాకు, తంగేడు పూలు, వారానికోసారి పాపాసుకల్లి పండు. పాయసం బందయింది. ఏకాదశి మనుషులకే గానీ దానికి లేదని అత్తగారే ఒప్పుకున్నారు. పది రోజుల్లో కళ్ల వాపు తగ్గి, పెరడంతా తిరగసాగింది.

ఒక మధ్యాహ్నం అది గరిక నములుతుంటే అత్తగారు, నేను చూస్తూ కూర్చున్నాం. ఆవిడ నా వైపు తిరక్కుండానే అడిగారు.

"నువ్వొచ్చి మూడేండ్లాయ. మీ ఇంట్లో నువ్వేం తింటాంటివి?"

ఆ ఇంట్లో నన్నెవరూ అడగని మాట. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు గానీ నిజమే చెప్పేశాను. జొన్నరొట్టె, పచ్చి ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ. ఎర్రగడ్డ అన్న మాట కూడా వినిపించని ఇల్లది. మా నాన్న అలాంటి పట్టింపులు లేని మనిషి. అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. నేను తొందరపడి నోరు జారానని రాత్రంతా తిట్టుకున్నాను.

మర్నాడు మామగారు గుడికి వెళ్లాక, వంటింట్లో జొన్నపిండి తట్టే చప్పుడు వినిపించింది. ఆవిడ వేడి రొట్టె తెచ్చి పెరట్లో నా పళ్లెంలో వేశారు. ఎర్రగడ్డ మాత్రం గడ్డి ఆమెతో తెప్పించి, తాను ముట్టకుండా బండ మీద పెట్టించారు. పోయి వీధి తలుపుకు గడియ వేసి వచ్చి, నాకు కాస్త ఎడంగా కూర్చున్నారు.

"ఎవరూ రారులే. నిదానంగా తిను" అన్నారు.