అక్క ఇంటి దుమ్ము

పోయిన ఆదివారం ఆష్‌బర్న్‌లో అక్క కూతురు తన మూడు నెలల పాపకి దిష్టి తియ్యమంటే, రాళ్ల ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని గరాజ్‌లో నిలబడ్డాను. కిందటిసారి వంటింట్లో మిరపకాయలు కాల్చినప్పుడు అలారం మోగి ఫైరింజన్ దాకా వచ్చింది, అప్పటినుంచీ వాళ్లింట్లో దిష్టి గరాజ్‌లోనే.

"పిన్నీ, డోర్ ఓపెన్ ఉంచనా, క్లోజ్ చెయ్యనా? దిష్టి బయటికి వెళ్లాలి కదా?" అనడిగింది, అమెరికాలోనే పుట్టిన పిల్ల.

పాపకి తియ్యడం అయ్యాక అక్క కూతురి నాన్న, అంటే మా బావ, నవ్వుతూ నా ముందుకొచ్చి తల వంచాడు.

"మరదలా, ఆ చేత్తోనే నాకూ తీసెయ్యి. మొన్న టెంపుల్‌లో స్పీచ్ ఇచ్చినప్పట్నుంచీ అందరి కళ్లూ నా మీదే."



ఈ పని నాకు మా నాయనమ్మ దగ్గర అబ్బింది. చీరాల దగ్గర, ఉప్పు మడుల పక్కన మా ఊరు. మడి గట్టు మీది ఉప్పు, పెరట్లో ఎండిన మిరపకాయలు, అరిగిన చీపురు పుల్లలు, గడప దగ్గరి మన్ను, ఇవే ఆవిడ సరంజామా; ఆ ఇల్లూ ఆ నేలా లేకపోతే ఆవిడ అందరిలాంటి ముసలావిడే. పిల్లలకి దిష్టి తీయించుకోవడానికి వీధి గుమ్మంలోంచి వచ్చేవాళ్లు. అప్పుడప్పుడూ ఎవరో ఒక ఆడమనిషి మాత్రం మిట్టమధ్యాహ్నం పెరటి దారిన వచ్చేది, వేరే పని మీద. ఆవిణ్ణి నాయనమ్మ ఒకటే అడిగేది: "వాడు తొక్కిన మట్టి తెచ్చావా?" తడి నేల మీద పడ్డ అడుగు ఆరకముందే తవ్వి, గుడ్డలో మూటకట్టి, పొయ్యిరాయి కింద పెట్టాలి. ఆ మట్టి ఎండినట్టు ఆ మనిషి ఎండిపోతాడని నమ్మకం. ఇది నిజంగా పనిచేస్తుందా అని నేనొకసారి అడిగితే, "వాడి సంగతి నాకెందుకే, అడుగు తన చేతిలో ఉందన్న ధైర్యంతో ఇది ఈ పూట అన్నం తింటుంది" అంది. నేను చదువుకున్నదాన్ని. నవ్వాను.

అక్క చనిపోయిన నెలకి ఆ మాట గుర్తొచ్చింది. వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం రోజు పొద్దున్నే అక్క నాకు ఫోన్ చేసి, గుండె బరువుగా ఉంది, ఎడమ చెయ్యి లాగుతోంది అంది. వెనక బావ గొంతు స్పష్టంగా వినబడింది. "అది గ్యాసే. ఫార్టీ మెంబర్స్ వస్తున్నారు, ఇప్పుడు హాస్పిటల్ ఏంటి? వ్రతం అయ్యాక చూద్దాం." అక్క పీటల మీద కూర్చుంది, ప్రసాదం పంచుతూ పడిపోయింది. వచ్చినవాళ్లందరితో ఆయన, నాకొక్క మాటైనా చెప్పలేదండీ, అని ఏడ్చాడు. ఇప్పుడు గుళ్లో ఇస్తున్న స్పీచ్ కూడా అదే, భార్యలు నొప్పి దాచుకుంటారని. ఆ పొద్దున నేనైనా నైన్ వన్ వన్‌కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవలేదు. దానికి నన్ను నేను క్షమించుకోలేదు, కాబట్టి ఆయన్ని క్షమించే ప్రశ్నే లేదు.

నెల మాసికానికి వెళ్లినప్పుడు ఆయన తొక్కిన మట్టి కోసం చూశాను. దొరికితేనా! ఆ మనిషి కార్పెట్ మీంచి బూట్లలోకి, బూట్లతో కారులోకి, కారులోంచి ఆఫీసులోకి. ఈ దేశపు మట్టిని ఆయన కాలు తాకనే తాకదు. బయట మంచులో అడుగులున్నాయి గానీ, గుడ్డలో కట్టేలోపు నీళ్లైపోతాయి. చివరికి ఇల్లు శుభ్రం చేస్తానని చెప్పి ఆయన కుర్చీ చుట్టూ, ఆయన మంచం వైపూ వాక్యూమ్ చేశాను. ఎంత సాయం చేస్తున్నావమ్మా అన్నాడాయన.

వాక్యూమ్‌ని గరాజ్‌లోకి తెచ్చి మూత తీశాను. బూడిదరంగు దుమ్ము ఉండలా వచ్చింది, దాని నిండా పొడుగాటి నల్లని వెంట్రుకలు. బ్రష్ చుట్టూ కూడా అవే. ఆ ఇంట్లో అంత జుట్టు అక్కకే ఉండేది. నేల మీద కూర్చుని, కత్తెరతో కోసి, ఒక్కొక్క వెంట్రుకా విడదియ్యబోయాను. ఎంతసేపు చూసినా ఆయన దుమ్మేదో అక్కేదో తెలియలేదు. ఆయన్ని ఎండబెట్టాలంటే అక్కని కూడా పొయ్యి కింద పెట్టాలి. చేతికొచ్చిన వెంట్రుకలు దాచుకుని మిగిలింది పారేశాను. పగ తీరి కాదు, దానికి దారి దొరక్క.

ఇప్పుడాయన బట్టతల నా ముందు వంగి ఉంది. బట్టలారబెట్టే డ్రయర్ మీద ఉప్పు ప్యాకెట్ ముప్పాతిక వంతు నిండుగా కనబడుతోంది.

"ఉప్పు అయిపోయింది బావా," అన్నాను.

అక్క కూతురు ప్యాకెట్ వైపు చూసి, నా వైపు చూసి, దాన్ని తీసుకుని లోపలికి వెళ్లింది. దానికి ఎంత తెలుసో నేనడగలేదు. బావ కాసేపు అలాగే వంగి ఉండి, తల తడుముకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన నడిచిన చోట కాంక్రీటు మీద చూశాను, ఏమీ లేదు. నాయనమ్మ పెరట్లో ఎవరు వచ్చిందీ, ఎటు వెళ్లిందీ నేలే గుర్తుపెట్టుకునేది. ఇక్కడ ఆ పని నేనొక్కదాన్నే చెయ్యాలి, నాకా వయసైపోతోంది.